హుండీతో సహా నిమజ్జనం

పల్లెల్లో పెద్దవాళ్ళు వాడే పాత పనిముట్ల పేర్లు, వంటింటి మాటలు పోగుచేసి ఒక వెబ్‌సైట్‌లో పెట్టాలని మన క్లబ్బులో అనుకున్నాం కదా. వెబ్‌సైట్ కట్టే పని నాది. పదాలు తెచ్చే పని మా రూమ్మేట్‌ది. వాడి అమ్మమ్మ ములుగు దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. ఆదివారం ఆదివారం వాడు ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, ఆవిడ ఒక్కో మాట చెప్తుంటే నా లాప్‌టాప్‌లోనే ఫారం తెరిచి టైప్ చేసేవాడు. మోట, గిరక, కర్రు, మేడి, గొర్రు... వాటి పక్కన అర్థం, ఎప్పుడు వాడతారు, ఎలా పలుకుతారు. నాలుగు ఆదివారాల్లో 612 పదాలయ్యాయి.

ఆ 612 పదాల్నీ ఒక మంగళవారం రాత్రి నేను ఒకే ఒక్క కమాండుతో తుడిచేశాను.

ఈ వ్యాసం సారీ చెప్పడానికి కాదు. ఆ సారీ వాడికి చెప్పేశాను, బిర్యానీ ఖర్చు కూడా అయింది. ఆ కమాండు ఏం చేస్తుందో నాకు ముందే ఎందుకు తెలియలేదో చెప్పడానికి రాస్తున్నాను. మనలో చాలామంది డాకర్‌ని నాలాగే నేర్చుకుంటున్నారు: వీడియో చూసి, కమాండు కాపీ చేసి, పనిచేస్తే వదిలేసి.

ఇంకో మాట. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతుందని ధైర్యం. మన పత్రికలో అంతా తెలుగు లిపే కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం దయచేసి ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో కొట్టండి.

అసలు డాకర్ ఎందుకొచ్చిందంటే, "నా సిస్టమ్‌లో పనిచేస్తోంది సార్, మీ సిస్టమ్‌లోనే రావట్లేదు" అనే మన ల్యాబ్ డైలాగు వల్ల. ప్రోగ్రామ్ ఒక్కటే ఇస్తే చాలదు. దానికి కావలసిన పైథాన్ వెర్షను, లైబ్రరీలు, సెట్టింగులు అన్నీ కలిపి ఒక మూటగా కట్టి ఇవ్వాలి. 2013 మార్చిలో శాంటా క్లారాలో జరిగిన పైకాన్‌లో సాలమన్ హైక్స్ అనే ఆయన ఐదు నిమిషాల చిన్న టాక్‌లో దీన్ని చూపించాడు. అప్పుడు వాళ్ళ కంపెనీ పేరు డాట్‌క్లౌడ్. ఆయన ఏ కొత్త మాయా కనిపెట్టలేదు. ఒక ప్రాసెస్‌కి మిగతావి కనపడకుండా గోడ కట్టే నేమ్‌స్పేస్‌లు, అది ఎంత మెమరీ, ఎంత సీపీయూ వాడుకోవచ్చో హద్దు పెట్టే సీగ్రూప్‌లు లైనక్స్ కెర్నెల్‌లో అప్పటికే ఉన్నాయి. వాటిని మామూలు మనిషి నాలుగు ముక్కల కమాండుతో వాడుకునేలా చేయడమే డాకర్ గొప్ప. వర్చువల్ మెషీన్ అయితే ఒక్కోదానికీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. కంటైనర్లన్నీ ఒకే కెర్నెల్‌ని పంచుకుంటాయి, అందుకే సెకనులో లేచి నిలబడతాయి. విండోస్‌లో డాకర్ డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి వెనక ఒక చిన్న లైనక్స్ నడుస్తూ ఉంటుంది. ఆ చిన్న విషయమే తర్వాత నా కొంప ముంచింది.

ఇమేజ్, కంటైనర్, వాల్యూమ్. ఈ మూడూ వేరు వేరని తెలిస్తే సగం పని అయినట్టే. నాకు ఇది మా హాస్టల్ వినాయకుడితో బాగా అర్థమైంది, అందుకని అలాగే చెప్తాను.

ఇమేజ్ అంటే మట్టి వినాయకుణ్ణి చేసే అచ్చు. అచ్చు మారదు. ఒక అచ్చుతో ఎన్ని విగ్రహాలైనా తీయొచ్చు. కంటైనర్ అంటే అలా తీసిన విగ్రహం. దాన్ని మండపంలో పెడతాం, రంగులు వేస్తాం, తొమ్మిదో రోజో పదకొండో రోజో నిమజ్జనం చేసేస్తాం. బాధపడం, ఎందుకంటే అచ్చు ఉంది, వచ్చే ఏడు మళ్ళీ తీసుకోవచ్చు. కంటైనర్‌ని కూడా అలాగే చూడాలి, అది పోవడానికే పుట్టింది. మరి వాల్యూమ్? విగ్రహం ముందు పెట్టిన హుండీ. అది విగ్రహంలో భాగం కాదు, పక్కన పెట్టిన పెట్టె. డేటాబేస్‌లో మనం దాచుకునే సరుకంతా అందులోనే ఉంటుంది. విగ్రహం నీళ్ళలోకి వెళ్ళినా హుండీ ఇంటికి రావాలి.

అచ్చులు తెచ్చుకునే కమాండు 'డాకర్ పుల్'. 'డాకర్ ఇమేజెస్' అంటే మన దగ్గర ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. ఇక్కడ సైజు కాలమ్ తప్పకుండా చూడండి. మామూలు పైథాన్ ఇమేజ్ దాదాపు ఒక జీబీ ఉంటుంది. అదే పైథాన్ పేరు చివర 'స్లిమ్' అని ఉన్నది తీసుకుంటే అందులో ఆరో వంతో అంతకన్నా తక్కువో. ఆల్పైన్ అనే లైనక్స్ ఇమేజ్ అయితే పది ఎంబీ కూడా ఉండదు. హాస్టల్ వైఫైలో ఈ తేడా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

పేరు తర్వాత కోలన్ పెట్టి రాసేదాన్ని ట్యాగ్ అంటారు. ఏదీ రాయకపోతే డాకరే 'లేటెస్ట్' అని తగిలించుకుంటుంది. లేటెస్ట్ అంటే అన్నిటికన్నా కొత్తది అని నేను చాలాకాలం అనుకున్నాను. అది కేవలం ఒక పేరు, ఇమేజ్ తయారుచేసినవాళ్ళు దాన్ని దేనికి అంటిస్తే అదే. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌కి ట్యాగ్ రాయకుండా వదిలేస్తే ఇంకో ప్రమాదం ఉంది. కొన్నాళ్ళకి పుల్ చేసినప్పుడు పెద్ద వెర్షన్ మారిపోతుంది. పాత వెర్షన్ రాసిన ఫైళ్ళని కొత్తది తెరవనంటుంది, కంటైనర్ లేచి లేవగానే పడిపోతుంది. 'పోస్ట్‌గ్రెస్:16' అని అంకె వేసి రాసుకుంటే ఆ గొడవ ఉండదు.

మన ఇమేజ్ మనమే కట్టుకోవాలంటే డాకర్‌ఫైల్ రాసి 'డాకర్ బిల్డ్' అంటాం. ఫస్టియర్ డ్రాయింగ్ క్లాసులో ట్రేసింగ్ పేపర్లు ఒకదాని మీద ఒకటి పెట్టేవాళ్ళం గుర్తుందా? ఇమేజ్ అలాంటిదే. ఫైళ్ళని మార్చే ప్రతి వరసకీ ఒక పొర వస్తుంది. పైన పొర మారితే కింది పొరలు అలాగే వాడుకుంటుంది, కింద మారితే దాని పైవన్నీ మళ్ళీ కడుతుంది. అందుకే లైబ్రరీల జాబితా ఉన్న ఫైలుని ముందు కాపీ చేసి, లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాతే మన కోడ్‌ని కాపీ చేయాలి. నేను తిరగేసి రాసి, ఒక్క కామా మార్చినప్పుడల్లా నాలుగు నిమిషాలు కూర్చునేవాణ్ణి. క్యాంటీన్‌కి వెళ్ళడానికి మంచి సాకు అనుకోండి, అది వేరే విషయం.

కంటైనర్ నడిచేటప్పుడు ఈ పొరలన్నిటి పైన రాసుకోవడానికి వీలైన ఒక పల్చటి కాగితం పెడతారు. కంటైనర్‌ని తీసేస్తే ఆ కాగితం పోతుంది. కింది పొరలు అలాగే ఉంటాయి. డేటాబేస్ ఆ పల్చటి కాగితం మీద రాసుకోకూడదనే వాల్యూమ్‌ని పెట్టారు.

'డాకర్ రన్' అంటే అచ్చులోంచి కొత్త విగ్రహం తీయడం. ప్రతిసారీ కొత్తదే! ఇది నాకు తెలియక, కంటైనర్ లోపలికి వెళ్ళాలనుకున్నప్పుడల్లా 'డాకర్ రన్' కొట్టేవాణ్ణి. నిన్న లోపల పెట్టిన ఫైలు ఇవాళ కనపడేది కాదు. ఒకరోజు 'డాకర్ పీఎస్ -ఏ' కొడితే ఆగిపోయిన కంటైనర్లు పద్నాలుగు వరసగా కనపడ్డాయి. ఉత్త 'డాకర్ పీఎస్' నడుస్తున్నవే చూపిస్తుంది, ఆగిపోయినవి కూడా చూడాలంటే ఆ '-ఏ' కావాలి. నడుస్తున్న కంటైనర్ లోపలికి వెళ్ళడానికి వాడాల్సింది 'డాకర్ ఎగ్జెక్'. ఊరికే ఒకసారి చూసి పారేసేదైతే 'రన్' పక్కన '--ఆర్ఎం' పెడితే, పని అవగానే అదే తుడుచుకుపోతుంది.

ఆ పద్నాలుగింటికి నేను పేర్లు పెట్టలేదు, డాకరే పెట్టింది. మనం పేరు ఇవ్వకపోతే ఒక విశేషణం, ఒక శాస్త్రవేత్త ఇంటిపేరు కలిపి ఏదో ఒకటి తగిలిస్తుంది. ఆ జాబితాలో రామానుజన్, రామన్, ఆర్యభట, బోస్, కలాం ఉన్నారు. విశ్వేశ్వరయ్య కూడా ఉన్నారు, 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకి వచ్చి వరదలు రాకుండా పథకం వేసిచ్చిన ఆయనే. ఇంకో తమాషా ఏంటంటే, 'బోరింగ్ వోజ్నియాక్' అనే జంట మాత్రం ఎప్పటికీ రాదు. స్టీవ్ వోజ్నియాక్ బోరింగ్ కాదు అని కామెంట్ రాసి మరీ కోడ్‌లో ఆ పేరుని ఆపేశారు.

ఏదైనా కంటైనర్ లేచి వెంటనే పడిపోతే కంగారుపడి మళ్ళీ మళ్ళీ 'రన్' కొట్టకండి. 'డాకర్ లాగ్స్' అని దాని పేరు ఇవ్వండి, పోయే ముందు ఏమని ఏడ్చిందో చెప్తుంది. 'పీఎస్ -ఏ'లో 137 అనే అంకె కనపడితే దాన్ని ఎవరో బలవంతంగా చంపారని అర్థం, చాలాసార్లు మెమరీ చాలక. 'డాకర్ స్టాప్' అయితే మర్యాదగా ముందు చెప్తుంది, పది సెకన్లు ఆగుతుంది, అప్పటికీ వినకపోతేనే చంపుతుంది. పోర్టుల విషయం కూడా ఒక్క ముక్క: '-పీ 8080:80' అంటే ఎడమ పక్కది మన లాప్‌టాప్ వైపు, కుడి పక్కది కంటైనర్ లోపలిది. నేను ఇప్పటికీ రెండుసార్లు ఆలోచించే కొడతాను.

ఇక ఆ మంగళవారం.

శుక్రవారం క్లబ్బులో డెమో ఉంది. నా లాప్‌టాప్‌లో ఉన్నదే 256 జీబీ, అందులో సీ డ్రైవ్ ఎర్రగా మారి 3 జీబీ మిగిలింది. 'డాకర్ సిస్టమ్ డీఎఫ్' కొట్టాను. ఇది చాలా మంచి కమాండు, ఇమేజ్‌లు ఎంత, కంటైనర్లు ఎంత, వాల్యూమ్‌లు ఎంత, బిల్డ్ క్యాష్ ఎంత, అందులో తీసేయగలిగింది ఎంత అని లెక్క చెప్తుంది. ఇమేజ్‌లు 19 జీబీ, బిల్డ్ క్యాష్ 11 జీబీ. వాల్యూమ్‌లు వంద ఎంబీ కూడా లేవు. అంటే ఆ రాత్రి నేను వాల్యూమ్‌ల జోలికి వెళ్ళాల్సిన అవసరమే లేదు. ఆ లెక్క నా కళ్ళ ముందే ఉంది, నేను చదవలేదు.

'డాకర్ సిస్టమ్ ప్రూన్' కొట్టాను. ఏమేం తీసేస్తుందో చెప్పి, సరేనా అని అడిగింది. ఆగిన కంటైనర్లు, ఎవరూ వాడని నెట్‌వర్కులు, పేరు పోయిన ఇమేజ్‌లు, బిల్డ్ క్యాష్. సరే అన్నాను. పదిహేను జీబీ పైనే ఖాళీ అయిందని చెప్పింది. సీ డ్రైవ్ చూస్తే మళ్ళీ అదే 3 జీబీ!

ఇందాక చెప్పాను కదా, విండోస్‌లో వెనక ఒక లైనక్స్ ఉంటుందని. దాని సరుకంతా ఒక పెద్ద వర్చువల్ డిస్క్ ఫైలులో ఉంటుంది. నా లాప్‌టాప్‌లో ఆ ఫైలు పెరగడమే గానీ, లోపల ఖాళీ చేసినంత మాత్రాన తనంతట తాను చిన్నదవ్వలేదు. గోనెసంచిలోంచి బియ్యం తీసేసినా సంచి గదిలో అంతే చోటు ఆక్రమించినట్టు. 'డబ్ల్యూఎస్ఎల్ --షట్‌డౌన్' అని ఆ లైనక్స్‌ని ఆపి, విండోస్ డిస్క్‌పార్ట్‌లో ఆ ఫైలుని ఎంచుకుని 'కాంపాక్ట్ వీడిస్క్' అంటే అప్పుడు తగ్గుతుంది. ఇది నాకు బుధవారం తెలిసింది.

మంగళవారం మాత్రం, ప్రూన్ సరిగ్గా పనిచేయలేదు, ఇంకా గట్టిగా తుడవాలి అనుకున్నాను. మా వెబ్‌సైట్‌కి రెండు కంటైనర్లు, ఒకటి సైటు, ఒకటి డేటాబేస్. రెండిటినీ కలిపి లేపడానికి 'డాకర్ కంపోజ్ అప్', కలిపి తీసేయడానికి 'డాకర్ కంపోజ్ డౌన్'. ఉత్త 'డౌన్' కంటైనర్లని, నెట్‌వర్కుని తీసేస్తుంది, వాల్యూమ్‌ని ముట్టుకోదు. రోజూ అదే వాడేవాణ్ణి. ఆ రోజు, అసలు ఏమేం తీసేస్తోందో వివరంగా చూద్దామని చివర '-వీ' పెట్టాను.

ఎందుకు పెట్టానంటే, లైనక్స్ ల్యాబ్‌లో అలాగే నేర్చుకున్నాం. 'సీపీ -వీ', 'ఆర్ఎం -వీ', 'టార్' పక్కన వీ, అన్నిట్లో అది వెర్బోస్, అంటే చేస్తున్నదంతా వివరంగా చెప్పు అని. డాకర్‌లో ఆ అక్షరానికి స్థిరమైన అర్థం లేదు. 'డాకర్ -వీ' అంటే వెర్షన్ చెప్తుంది. 'డాకర్ రన్ -వీ' అంటే వాల్యూమ్‌ని తగిలించు. 'డాకర్ ఆర్ఎం -వీ' అంటే కంటైనర్‌తో పాటు దాని పేరులేని వాల్యూమ్‌ల్ని తీసెయ్. 'డాకర్ కంపోజ్ డౌన్ -వీ' అంటే పేరున్న వాల్యూమ్‌ల్ని కూడా తీసెయ్. ప్రూన్ అడిగినట్టు ఇది సరేనా అని అడగదు. అడగకపోవడం దాని తప్పని నేను ఇప్పటికీ అంటాను, మా సీనియర్ ఒప్పుకోడు. కంపోజ్ ఫైలు నువ్వే రాశావు, కమాండు నువ్వే కొట్టావు, ఇంకేం అడగాలి అంటాడు.

టెర్మినల్‌లో నాలుగు వరసలు వచ్చాయి. సైటు, తీసేశాను. డేటాబేస్, తీసేశాను. నెట్‌వర్క్, తీసేశాను. వాల్యూమ్ పదకోశం_డీబీడేటా, తీసేశాను. హుండీతో సహా నిమజ్జనం, రెండు సెకన్లలో అయిపోయింది. నేను నాలుగో వరస చదివి కూడా మళ్ళీ 'అప్' కొట్టాను. సైటు చక్కగా తెరుచుకుంది. మొత్తం పదాలు: 0.

మావాడు పక్క మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. "మామా, పదాలు ఇంకెక్కడైనా ఉన్నాయా?" అన్నాను. లేచి కూర్చున్నాడు. "ఏం చేసినవ్ రా?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. కాల్ రికార్డు కాలేదు. క్లబ్బు గ్రూపులో ఎప్పుడో పెట్టిన స్క్రీన్‌షాట్లలో 43 పదాలు దొరికాయి.

తర్వాత చేసిన పనులు చెప్తాను, మీకు పనికొస్తాయి. కంపోజ్ ఫైలులో ఆ వాల్యూమ్ కింద 'ఎక్స్‌టర్నల్: ట్రూ' అని రాశాను. అలా రాస్తే వాల్యూమ్‌ని ముందుగా మనమే 'డాకర్ వాల్యూమ్ క్రియేట్'తో తయారుచేసుకోవాలి, కానీ 'డౌన్ -వీ' దాన్ని ముట్టుకోదు. 'డాకర్ వాల్యూమ్ ప్రూన్' గురించి కూడా తెలుసుకున్నాను. డాకర్ 23 నుంచి అది పేరులేనివాటినే తీసేస్తుంది, పేరున్నవి కూడా పోవాలంటే '-ఏ' అని అడగాలి. అంతకుముందు వెర్షన్లలో ఎవరూ వాడనివన్నీ తీసేసేది. కాబట్టి పాత వీడియోలో ఉన్న సలహా, మీ వెర్షన్ రెండూ కలుస్తాయో లేదో చూసుకోండి.

బ్యాకప్ తీయడం అనుకున్నంత తేలిక కాలేదు. పోస్ట్‌గ్రెస్‌లో 'పీజీ డంప్' అనే పనిముట్టు డేటా మొత్తాన్ని ఒక టెక్స్ట్ ఫైలుగా ఇస్తుంది. 'డాకర్ ఎగ్జెక్'తో దాన్ని నడిపి, చివర బాణం గుర్తు పెట్టి ఫైలులోకి మళ్ళించాను. ఫైలు వచ్చింది, హాయిగా పడుకున్నాను. పొద్దున చూస్తే సైజు సున్నా. యూజర్ పేరు తప్పు కొట్టాను, కమాండు ఫెయిలైంది, కానీ బాణం గుర్తు చూడగానే షెల్ ముందే ఖాళీ ఫైలు తయారుచేసి పెట్టేస్తుంది. పేరు సరిచేసి మళ్ళీ తీశాను. ఈసారి సైజు ఉంది, తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులు! విండోస్ పాత పవర్‌షెల్‌లో బాణంతో మళ్ళిస్తే అది మధ్యలో ఎన్‌కోడింగ్ మార్చేస్తుంది. ఇంగ్లీష్ డేటా అయితే నేను గమనించేవాణ్ణే కాదు. ఇప్పుడు పీజీ డంప్‌కి '-ఎఫ్' ఇచ్చి ఫైలుని కంటైనర్ లోపలే రాయించి, 'డాకర్ సీపీ'తో బయటికి తెచ్చుకుంటున్నాను. మధ్యలో పవర్‌షెల్ చెయ్యి పడదు.

ఆ ఫైలు నిజంగా పనికొస్తుందో లేదో చూడటానికి '--ఆర్ఎం'తో ఇంకో ఖాళీ పోస్ట్‌గ్రెస్ కంటైనర్ లేపి, అందులోకి ఎక్కించి, వరసలు లెక్కపెట్టాను. అసలు దాంట్లో ఎన్ని ఉన్నాయో అన్నీ వచ్చాయి. మొత్తం ఐదు నిమిషాల పని. ప్రతి ఆదివారం రాత్రి చేస్తున్నాను, ఫైలుని మావాడికి మెయిల్ కూడా చేస్తున్నాను. వాడికి నా లాప్‌టాప్ మీద నమ్మకం లేదు, న్యాయమే.

శుక్రవారం డెమో 43 పదాలతోనే ఇచ్చాం. ఆ ఆదివారం వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. "మొన్న చెప్పినయే మళ్ళ అడుగుతున్నవ్ ఏంది బిడ్డా?" అంది ఆవిడ. వాడు నా పేరు చెప్పలేదు, కంప్యూటర్ కరాబైందన్నాడు. ఆవిడకి ఏవి చెప్పిందో గుర్తులేదు, మాకూ సరిగ్గా గుర్తులేదు. కొన్ని మళ్ళీ వచ్చాయి, కొన్ని రాలేదు. మోట గురించి చెప్తూ చెప్తూ పోయినసారి చెప్పని మాటలు కొన్ని కొత్తగా చెప్పింది. నీళ్ళు తోడేటప్పుడు ఎద్దుల్ని వెనక్కి నడిపించడానికి వాళ్ళ నాన్న అరిచే అరుపు కూడా చేసి వినిపించింది. దాన్ని తెలుగు అక్షరాల్లో ఎలా రాయాలో మా ఇద్దరికీ తెలియక, ఆ ఒక్కదానికీ ఆడియో ఫైలు పెట్టాం.

ఇవాళ్టికి 431 ఉన్నాయి. మొన్న ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ వాణ్ణి అడిగింది: "ఈపాలి రాసుకున్నవా కాయితం మీద?"

రాసుకున్నాడు. డెబ్భై రూపాయల లాంగ్ నోట్‌బుక్, నేనే కొనిచ్చాను.